సింగపూర్‌కు తొలి ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విదేశయానం గురించి ప్రశ్నలు పంపమని గత నెల కోరినప్పుడు, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో సింగపూర్ గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. రాసినవారిలో చాలామంది అక్కడ ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరికి మొదటిసారి వెళ్తున్న తల్లిదండ్రులు. నలుగురికీ పనికివచ్చే ప్రశ్నలను ఎంచి జవాబులు ఇస్తున్నాను. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి, టికెట్ చేతికి వచ్చాక సింగపూర్ ఇమిగ్రేషన్ శాఖ అధికారిక వెబ్‌సైటును ఒకసారి పిల్లలచేత చదివించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు సింగపూర్‌లో ఉంటున్నారు. వచ్చే నెల మేమిద్దరం నెల రోజులు ఉండి వద్దామని వెళ్తున్నాం. ఆవకాయ, గోంగూర, కారప్పొడులు, గసగసాలు, ఎండుకొబ్బరి, కొంచెం కోడిమాంసం పచ్చడి సర్దుకున్నాను. మావారు బీపీకి, షుగరుకు మందులు వాడుతున్నారు. ఏవి తీసుకువెళ్లవచ్చు, ఏవి కూడదు?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీరు రాసిన జాబితాలో మూడు వస్తువులను ఈ రోజే పక్కన పెట్టేయండి.

మొదటిది గసగసాలు. మన వంటింట్లో అవి మసాలా దినుసు మాత్రమే, కానీ అవి నల్లమందు మొక్క గింజలు. వాటికి మార్ఫిన్ ఛాయలు అంటి ఉండే అవకాశం ఉన్నందువల్ల సింగపూర్‌లో వాటిని నిషిద్ధ వస్తువుల కింద చూస్తారు. విడిగా పొట్లం కట్టినవే కాదు, గసగసాలు కలిపి దంచిన మాంసం మసాలా పొడి ఉన్నా తీసేయండి. పొడిలో ఏమేం కలిపారో అక్కడ మీరు వివరించి ఒప్పించే పరిస్థితి ఉండదు. మాదకద్రవ్యాల విషయంలో ఆ దేశపు చట్టం ఎంత కఠినమో ఒక్క మాటలో చెబుతాను: 500 గ్రాములకు మించి గంజాయి రవాణా చేస్తూ పట్టుబడిన వ్యక్తికి మరణశిక్ష పడుతుంది. అందువల్ల పొరుగింటివారు గానీ దూరపు బంధువులు గానీ "మా వాడికి ఈ చిన్న పొట్లం అందించండి" అని బయలుదేరే రోజు తెచ్చి ఇస్తే, మొహమాటపడకుండా వద్దని చెప్పండి. తప్పనిసరి అయితే వారి ఎదుటే విప్పి, ప్రతి వస్తువూ చూసి, మీ చేతులతో మీరే మళ్లీ కట్టండి.

రెండవది ఎండుకొబ్బరి. దీనికి అడ్డు సింగపూర్‌లో కాదు, చెన్నై విమానాశ్రయంలోనే వస్తుంది. ఎండిన కొబ్బరిలో నూనె ఎక్కువగా ఉండి, వేడికి తనంతట తాను అంటుకునే గుణం ఉన్నందువల్ల చెక్-ఇన్ సామానులో దాన్ని అనుమతించరు. తనిఖీ యంత్రంలో చిప్పలు కనబడితే పెట్టె తెరిపించి తీయిస్తారు. ఆ హడావుడిలో మళ్లీ సర్దుకోవడం కష్టం. కొబ్బరి అక్కడ కావలసినంత దొరుకుతుంది.

మూడవది కోడిమాంసం పచ్చడి. మాంసం, గుడ్లు, వాటితో చేసినవి ఏవైనా సరే, మన దేశం నుంచి తీసుకువెళ్లవద్దు.

ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి, సున్నుండలు, మలైకాజా ఇంట్లోకి సరిపడినంత తీసుకువెళ్లండి. పచ్చడిని కూడా ద్రవపదార్థంగానే లెక్కిస్తారు కాబట్టి చేతిసంచిలో పెడితే 100 మిల్లీలీటర్ల నిబంధన కింద తీసి పారేస్తారు. ఆవకాయ పెద్ద పెట్టెలోనే ఉండాలి. గాజు సీసా, స్టీలు డబ్బా వద్దు. మందమైన ప్లాస్టిక్ డబ్బాలో ముప్పాతిక వంతు మాత్రమే నింపి, పైకి తేలిన నూనెను కాస్త వంచేసి, డబ్బా నోటికి ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద మూత బిగించండి. ఆ డబ్బాను రెండు కవర్లలో ఒకదాని మీద ఒకటి ముడివేసి, పాత తువ్వాలు చుట్టి, పెట్టె మధ్యలో బట్టల నడుమ ఉంచండి. విమానం పైకి వెళ్లినప్పుడు ఒత్తిడి మారి మూత కొద్దిగా వదులైనా, కారిన నూనె తువ్వాలు దాటి పట్టుచీర దాకా పోదు. పవర్ బ్యాంకును మాత్రం పెద్ద పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉంచాలి.

మరొక మాట. సెరంగూన్ రోడ్డు వెంట ఉన్న లిటిల్ ఇండియాలో కందిపప్పు, చింతపండు, మినుములు, కరివేపాకు, మునక్కాయలు, చివరికి తమలపాకులు కూడా అమ్ముతారు. అక్కడ దొరకనివి మీ చేతి ఆవకాయ, మీ చేతి సున్నుండలే కనుక వాటికే చోటు ఇవ్వండి. బియ్యం, పప్పు మోయడం అనవసరం.

ఇక మందులు. బీపీ, షుగరు మాత్రలను స్ట్రిప్పుల నుంచి విడదీసి డబ్బాలో పోయకుండా, స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీ ఇంగ్లీషులో ఉన్నది జతచేసి, చేతిసంచిలో పెట్టుకోండి. సొంత వాడకానికి మూడు నెలలకు మించని మోతాదు తీసుకువెళ్లవచ్చు. కోడీన్ కలిసిన దగ్గుమందులు, నిద్రమాత్రలు, కొన్ని బలమైన నొప్పి మాత్రలు ఈ వెసులుబాటులోకి రావు. వాటికి ముందుగా అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి కావాలి. మీవారి మందులలో అలాంటివి ఉన్నాయేమో మీ డాక్టరును పేరుపేరునా అడిగి తెలుసుకోండి. ఇన్సులిన్ వాడుతుంటే అది కూడా చేతిసంచిలోనే ఉండాలి, సామాను గదిలోని చలికి గడ్డకట్టవచ్చు.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుడిని. వీసా వచ్చింది. అది రెండేళ్లకు ఉంది కనుక మూడు నెలలు ఉండి రావచ్చని ఏజెంటు చెబుతున్నాడు. నిజమేనా? ఇక్కడి నుంచి విమానం ఎక్కేదాకా ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, ఆ మాట నమ్మి తిరుగు టికెట్ కొనవద్దు. వీసా మీద ఉన్న గడువు, ఆ దేశంలో ప్రవేశించడానికి మీకు ఇచ్చిన అవకాశానికి సంబంధించినది. దిగిన తర్వాత ఎన్ని రోజులు ఉండవచ్చన్నది ఇమిగ్రేషన్ వారు విడిగా నిర్ణయిస్తారు. ఇప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర వేయడం లేదు. ఎప్పటివరకు ఉండవచ్చో తెలిపే ఈ-పాస్ మీరు ఇచ్చిన ఈమెయిల్‌కు వస్తుంది. మన సందర్శకులకు సాధారణంగా 30 రోజులు ఇస్తారు. ఆ ఈమెయిల్ తెరిచి, అందులోని ఆఖరి తేదీని కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. ఇంకా ఉండవలసిన అవసరం పడితే, గడువు ముగియకముందే పొడిగింపుకు దరఖాస్తు చేయాలి, అది వస్తుందన్న హామీ లేదు. గడువు దాటి ఒక్క రోజు ఉన్నా నేరమే.

సింగపూర్‌లో దిగేముందే, దిగే రోజుతో కలిపి లెక్కేసి మూడు రోజుల లోపల, ఎస్‌జీ అరైవల్ కార్డు అనే ప్రవేశ పత్రాన్ని ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. ఈ విషయం గట్టిగా చెప్పడానికి కారణం ఉంది: నా మొదటి ప్రయాణంలో, చూడడానికి అచ్చం అధికారిక వెబ్‌సైటు లాగే ఉన్న మరొక దానిలో వివరాలు నింపి, అది అడిగినంత డబ్బు కట్టాను. డబ్బుకన్నా నా పాస్‌పోర్టు వివరాలు ఎవరి చేతికో పోయాయన్న బాధ చాలా రోజులు ఉండిపోయింది. ఎక్కడైనా డబ్బు అడిగితే అది అసలు వెబ్‌సైటు కాదని గుర్తుంచుకోండి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

చెన్నైకి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో గానీ వందేభారత్‌లో గానీ వెళ్తే, సెంట్రల్ స్టేషన్ కిందనే మెట్రో ఉంది, అది నేరుగా విమానాశ్రయానికి చేరుస్తుంది. బరువైన పెట్టెలతో ఆటోలు, టాక్సీల బేరం తప్పుతుంది. అయితే తేదీ విషయంలో చాలామంది పొరబడతారు. టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉంటే, 14వ తేదీ రాత్రి భోజనం చేసి అర్ధరాత్రి దాటాక ఎక్కవలసిన విమానం అని అర్థం. మీరు 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకల్లా విమానాశ్రయంలో ఉండాలి. 15వ తేదీ రాత్రి అనుకుని ఇంట్లోనే ఉండిపోతే ఆ టికెట్ డబ్బు తిరిగి రాదు.

మోకాళ్ల నొప్పులు ఉన్నవారు చక్రాల కుర్చీ కావాలని కనీసం 48 గంటల ముందు విమానసంస్థకు తెలపండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. సింగపూర్‌లోని చాంగి విమానాశ్రయం చాలా పెద్దది, నడక ఎక్కువ. ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు బీపీ, షుగరు ఉన్నాయని దాచకండి. అక్కడి ఆస్పత్రులలో విదేశీయులకు రాయితీ ఉండదు, దాచిన జబ్బుకు బీమా సంస్థ డబ్బు చెల్లించదు.

ప్రశ్న: సింగపూర్‌లో ఎండలు ఎలా ఉంటాయి? ఏ నెలలో వెళ్తే మంచిది?
— ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: రోహిణి కార్తె ఎండలు చూసినవారు అక్కడి ఉష్ణోగ్రతకు భయపడనక్కరలేదు. ఏడాది పొడవునా పగలు 31, 32 డిగ్రీలు, రాత్రి 25 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. భూమధ్యరేఖకు బాగా దగ్గర కావడంతో ఎండాకాలం, చలికాలం అన్న తేడా లేదు. ఇబ్బంది పెట్టేది గాలిలోని తేమ. చెమట పడుతుంది గానీ ఆరదు, పది నిమిషాలు నడిస్తే చొక్కా వీపుకు అంటుకుపోతుంది. పాలిస్టర్ బట్టలు మానేసి పల్చని నూలు బట్టలు సర్దుకోండి. దానితోపాటు ఒక శాలువా గానీ స్వెట్టరు గానీ తప్పక ఉంచుకోండి, ఎందుకంటే రైళ్లలో, మాల్స్‌లో ఏసీ చలి పెద్దవారికి తట్టుకోలేనంతగా ఉంటుంది.

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు తెచ్చే ఈశాన్య రుతుపవనాలే అక్కడా కురుస్తాయి, కాకపోతే కాస్త ఆలస్యంగా, నవంబరు నుంచి జనవరి వరకు వానలు ఎక్కువ. మిగతా నెలల్లోనూ ఏదో ఒక మధ్యాహ్నం మబ్బుపట్టి, గంటసేపు కుండపోతగా కురిసి, తెరిపి ఇవ్వడం మామూలే. మెరుపులు జాస్తి, ఉరుము వినబడగానే పార్కుల నుంచి లోపలికి వచ్చేయండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం.

అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలో గానీ కాదు. ఇక్కడ నాలుగున్నరకు లేచే అలవాటున్నవారికి అక్కడ ఏడింటికి మెలకువ వస్తుంది. అందువల్ల మొదటి రెండు రోజులు పొద్దుపోయి లేచామని కంగారు పడవద్దు.

ప్రశ్న: మా నాన్నగారికి పొగాకు నమిలే అలవాటు ఉంది. అక్కడ ప్రతిదానికీ జరిమానాలు వేస్తారని విని, రానని పట్టుబడుతున్నారు. ఏం చెప్పమంటారు?
— ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: నమిలే పొగాకు, గుట్కా, ఖైనీ, జర్దా ఆ దేశంలో నిషిద్ధం. ఒక్క పొట్లం కూడా తీసుకురాకూడదు. సిగరెట్లకు సుంకం మినహాయింపు లేదు, ఒక్క పెట్టె అయినా చెప్పి సుంకం కట్టాల్సిందే. ఈ-సిగరెట్లు పూర్తిగా నిషేధం. చూయింగ్ గమ్ దిగుమతి 1992 నుంచి నిషేధంలో ఉంది. పొగాకు పండించే ప్రాంతంలో పుట్టి పెరిగిన పెద్దాయనకు ఒక్కసారిగా మానమంటే కష్టమే, కాబట్టి ప్రయాణానికి రెండు నెలల ముందే డాక్టరును కలిసి, మెల్లగా తగ్గించే మార్గం చూడండి. విమానం ఎక్కే రోజు ఆయన లాల్చీ జేబులు, చేతిసంచి అరలు మీరే వెతకండి. మరచిపోయిన పొట్లమైనా పొట్లమే.

జరిమానాలు నిజమే గానీ, వాటిని తప్పించుకోవడం కష్టం కాదు. చెత్త కింద వేయకూడదు, ఉమ్మకూడదు, సిగ్నల్ పడేదాకా రోడ్డు దాటకూడదు. మెట్రో రైలులోను, స్టేషన్‌లోను ఏమీ తినకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు, దీనికి 500 సింగపూర్ డాలర్ల వరకు జరిమానా ఉంది. షుగరు ఉన్నవారు రైలు ఎక్కేముందే ఏదైనా తిని ఎక్కండి.

ప్రశ్న: మేము శాకాహారులం. వీధి భోజనశాలల్లో మాకు ఏమైనా దొరుకుతుందా?
— ఒక పాఠకురాలు, సింగరాయకొండ

జవాబు: దొరుకుతుంది, కానీ అడిగి తినాలి. అక్కడ హాకర్ సెంటర్లు అనే పెద్ద భోజన ప్రాంగణాలు ఉన్నాయి. ఈ సంస్కృతిని 2020లో యునెస్కో గుర్తించింది. చీనా, మలయా, తమిళ వంటకాల కొట్లు వరుసగా ఉంటాయి. పైకి కూరగాయల వంటకంలా కనిపించినా, మలయా సంబల్ కారంలో ఎండురొయ్యల ముద్ద కలుపుతారు, పరోటాతో ఇచ్చే పులుసు చేపలది కావచ్చు. "చేప వద్దు, రొయ్య వద్దు, గుడ్డు వద్దు" అని విడివిడిగా చెప్పండి, "వెజిటేరియన్" అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. లిటిల్ ఇండియాలో అయితే ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం తమిళ హోటళ్లలో దొరుకుతాయి.

తిన్నాక పళ్లెం మీరే తీసి, దానికి కేటాయించిన చోట పెట్టాలి. 2021 నుంచి ఇది తప్పనిసరి. బల్ల మీద చేతిరుమాలు కాగితాల పొట్లం ఒక్కటే కనబడితే, ఆ చోటు ఎవరో పట్టుకున్నారని అర్థం చేసుకుని మరో బల్ల చూసుకోండి. కుళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు, సీసా నీళ్లకు డబ్బు పోయవద్దు. పెద్ద హోటళ్లలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటే, దానిపై 10 శాతం సేవారుసుము, 9 శాతం జీఎస్టీ అదనంగా పడతాయి. హాకర్ సెంటర్లలో ఆ బాధ లేదు.

ప్రశ్న: అమ్మానాన్నలను ఐదు రోజులకు తీసుకువెళ్తున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఏమేమి చూపించాలి?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: రోజుకు రెండు చోట్లు, మధ్యాహ్నం రెండు గంటల విశ్రాంతి. ఇంతకుమించి పెట్టుకుంటే మూడో రోజుకు అమ్మగారు గదిలోనే ఉండిపోతారు.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు బొటానిక్ గార్డెన్స్‌కు వెళ్లండి. 1859లో నెలకొల్పిన ఈ తోటను 2015లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు, ప్రవేశం ఉచితం. లోపల ఉన్న ఆర్కిడ్ల తోటకు మాత్రమే టికెట్. సాయంత్రం గార్డెన్స్ బై ద బేలో చెట్ల ఆకారంలో నిలిపిన ఎత్తైన నిర్మాణాల కింద కూర్చోండి. రాత్రి 7:45కు, 8:45కు పాటతోపాటు దీపాల ప్రదర్శన ఉంటుంది, అదీ ఉచితమే. జంతుప్రదర్శనశాల, నైట్ సఫారీ ఒకే ప్రాంతంలో ఉన్నా టికెట్లు వేర్వేరు. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు, ఒక్కటే అయితే నైట్ సఫారీని ఎంచుకోండి, ట్రాములో కూర్చునే చాలావరకు చూడవచ్చు. సౌత్ బ్రిడ్జ్ రోడ్డులోని శ్రీ మారియమ్మన్ గుడి 1827 నాటిది. మధ్యాహ్నం తలుపులు మూస్తారు, ఉదయం గానీ సాయంత్రం గానీ వెళ్లండి. తిరుగు ప్రయాణంలో మూడు గంటలు ముందుగా బయలుదేరితే, విమానాశ్రయం పక్కనే ఉన్న జ్యూయెల్ అనే మాల్‌లో 40 మీటర్ల ఎత్తు నుంచి లోపలికి పడే జలపాతాన్ని బెంచీ మీద కూర్చుని చూడవచ్చు. సెంటోసా దీవిలోని వినోదాలు పిల్లలకు బాగుంటాయి గానీ, పెద్దవారిని అక్కడ ఒక పూట మొత్తం తిప్పడం నాకు ఇష్టం లేదు.

మెట్రో స్టేషన్లన్నిటిలో లిఫ్టులు ఉన్నాయి. కాబట్టి టాక్సీలకు ఎక్కువ ఖర్చుపెట్టకండి. మీ బ్యాంకు కార్డు వీసా లేదా మాస్టర్‌కార్డు అయితే గేటు దగ్గర తాకించి వెళ్లవచ్చు, కొంచెం అదనపు రుసుము పడుతుంది. అయితే మన కార్డులలో విదేశీ వాడకం మొదట ఆగి ఉంటుంది. బయలుదేరేముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకాన్ని, తాకించి చెల్లించే సదుపాయాన్ని రెండింటినీ తెరవాలి. ఫోన్ ఛార్జరుకు మూడు చదును పిన్నుల అడాప్టర్ కొనుక్కోండి, మన గుండ్రని పిన్నులు అక్కడి సాకెట్లలో పట్టవు.

ప్రశ్న: పోయినసారి మా చెల్లెలు కూతురి దగ్గరికి వెళ్లి, అందరూ ఆఫీసులకు వెళ్లిపోతే నెలంతా ఇంట్లోనే కూర్చుని వచ్చింది. ఇప్పుడు నేను వెళ్తున్నాను. నాకు ఇంగ్లీషు రాదు. ఒంటరిగా బయటికి వెళ్లగలనా?
— ఒక పాఠకురాలు, కోవూరు

జవాబు: తప్పకుండా వెళ్లగలరు, వెళ్లాలని నా కోరిక కూడా. ఈ ఉత్తరం చదివి నాకు చాలా బాధ కలిగింది. ఇంత దూరం వెళ్లి, శనివారం కోసం ఎదురుచూస్తూ పది అంతస్తుల పైన కిటికీ దగ్గర కూర్చునే తల్లులు ఎందరో ఉన్నారు.

అక్కడి నాలుగు అధికార భాషలలో తమిళం ఒకటి. స్టేషన్లలో బోర్డుల మీద తమిళం ఉంటుంది. మీకు నాలుగు ముక్కలు తమిళం వస్తే లిటిల్ ఇండియాలో పని జరిగిపోతుంది. మొదటి ఆదివారం అమ్మాయితో కలిసి ఇంటి నుంచి లిటిల్ ఇండియాలోని టెక్కా మార్కెట్‌కు ఒకసారి వెళ్లి రండి. ఈసారి దారి ఆమె చూపించకూడదు, మీరే ముందు నడవాలి, ఆమె వెనక రావాలి. ఏ స్టేషన్‌లో ఎక్కారో, ఏ రంగు లైనో, దిగవలసినది ఎన్నో స్టేషనో మీ చేతితో తెలుగులో రాసుకోండి. బస్సులో అయితే ఎక్కేటప్పుడే కాక దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలి, మరచిపోతే చివరి స్టాపు దాకా ఛార్జీ పడుతుంది.

ఇళ్ల సముదాయాలన్నీ ఒకేలా ఉంటాయి, తిరిగి వచ్చేటప్పుడు గాభరా పుట్టేది అక్కడే. కానీ ప్రతి భవనం గోడ మీద బ్లాకు నంబరు దూరానికి కనిపించేంత పెద్ద అంకెలలో రాసి ఉంటుంది. అంతకన్నా మేలైనది పోస్టల్ కోడ్. మన 524001 నెల్లూరులో ఎన్నో వీధులకు కలిపి ఒకటే, అక్కడ మాత్రం ఆరు అంకెల కోడ్ ఒక్కో భవనానికి ఒక్కోటి. ఆ ఆరు అంకెలు ఎవరికి చూపించినా మీ గుమ్మం దాకా దారి చెప్పగలరు. ఒక అట్టముక్క మీద ఆ ఆరు అంకెలు, బ్లాకు నంబరు, అంతస్తు, తలుపు నంబరు, అమ్మాయి ఫోన్ నంబరు, అంబులెన్సుకు 995, పోలీసులకు 999 పెద్ద అక్షరాలతో రాయించి, కార్డుతోపాటు చేతిసంచి పై అరలో పెట్టుకోండి. రెండో వారం మంగళవారమో బుధవారమో, రద్దీ తగ్గాక పది గంటలకు, ఒక్కరే వెళ్లి మునక్కాయలు కొనుక్కుని మధ్యాహ్నం భోజనం వేళకు ఇంటికి వచ్చేయండి.